అనుభవం పదమూడేళ్లు

జూన్ 16, సోమవారం

ఆయేషా షాపు ముందు నుంచి రెండుసార్లు నడిచి వెళ్లిపోయి, మూడోసారి లోపలికి అడుగుపెట్టాను. మైపాడు బస్టాపు పక్కన జిరాక్సు, ఫొటోలు, ఆన్‌లైన్ దరఖాస్తులు అన్నీ చేసే షాపు అది. ఆ అమ్మాయి వాళ్లమ్మ బీజాన్ మొన్న ఫిబ్రవరి దాకా మా ప్లాంటులో రొయ్యలు ఒలిచేది. నేను క్వాలిటీ ఇన్‌చార్జిని. బల్లల మధ్య నేను నడుస్తుంటే వాళ్లు మాటలు ఆపేసేవాళ్లు. అలాంటి నేను ఇవాళ వాళ్ల అమ్మాయి ముందు ప్లాస్టిక్ కుర్చీలో, చేతిలో కాగితం పట్టుకుని కూర్చున్నాను.

"బయోడేటా బాగు చేయాలమ్మా."

2011లో నెల్లూరులో టైపు చేయించిన కాగితం. ఆయేషా చదివి నవ్వు ఆపుకుంది.

"పుట్టుమచ్చలు కూడా రాసినారే సార్!"

"అప్పట్లో అట్లాగే రాసేవాళ్లం."

"తండ్రి పేరు, కులం, ఎత్తు, ఇయ్యన్నీ ఇప్పుడు అక్కర్లేదు సార్. మీరేం చేయగలరో రెండు పేజీల్లో చెప్పాల, అంతే. రేపు తీరిగ్గా రండి, కూర్చుని రాసేద్దాం."

నేనేం చేయగలనో రెండు పేజీలు. నలభై నాలుగేళ్లు వచ్చాయి. ఇంటికి వచ్చాక ఒక తెల్ల కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. పేరు రాశాను. పెంచలకృష్ణ, బి.ఎస్సీ. కెమిస్ట్రీ. తర్వాత ఏమీ తోచలేదు.

జూన్ 17

వెళ్లలేదు. ఎండ.

జూన్ 19, గురువారం

వెళ్లాను. ఇవాళ బాగుంది.

"పొద్దున ప్లాంటుకు పోతానే ఏం చేస్తారు సార్? మామూలుగా చెప్పండి, ఇంగ్లీషు సంగతి నేను చూసుకుంటా" అంది ఆయేషా.

చెప్పాను. మొదట తడబడ్డాను, తర్వాత ఆగలేదు. గుప్పెడు రొయ్యలు చేతిలోకి తీసుకుంటే కిలోకు ఎన్ని తూగుతాయో తూకం లేకుండా చెప్పగలను. పక్కన నడుస్తూనే ఏ ట్రేలో సరుకు పాడవబోతోందో వాసనతో పట్టగలను. రొయ్యల గుంట నీళ్లు చూసి ఆ రైతు మందు ఎక్కువ వాడాడో లేదో అనుమానించగలను, ల్యాబులో తేల్చగలను. పద్నాలుగు దేశాలకు వెళ్లే సరుకు మీద నా సంతకం ఉండేది.

ఆ అమ్మాయి టకటకా కొట్టుకుంటూ పోయింది. ప్రింటు తీసి ఇచ్చింది. చదువుతుంటే ఎవరో మంచి పనిమంతుడి గురించి చదువుతున్నట్టు ఉంది. ఇలాంటి మనిషిని ఎవరైనా వదులుకుంటారా అనిపించింది.

"ఎందుకు మానేశారని అడుగుతారు సార్. ఏం రాసేది?"

"కంపెనీ మూతపడిందని రాయి."

కంపెనీ మూతపడింది ఫిబ్రవరిలో. నన్ను తీసేసింది జనవరిలో. ఒక్క నెల తేడా. అదేమంత తేడా కాదు.

చివర్లో 'పై వివరాలన్నీ నిజమని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను' అనే వాక్యాన్ని ఆయేషా కొట్టేసింది. ఇప్పుడెవురూ రాయరంట.

జూన్ 20

ఒక సంగతి నా కోసం స్పష్టంగా రాసిపెట్టుకోవాలి. డిసెంబరులో మా కంటైనరు ఒకటి విదేశం నుంచి తిరిగొచ్చింది. రొయ్యల్లో యాంటీబయాటిక్ ఉందన్నారు. ఆ సరుకు పరీక్ష నివేదిక మీద సంతకం నాది. కిట్టు ఫలితం సరిగానే వచ్చింది. ఇక్కడి పరీక్ష కిట్లకూ అక్కడి మిషన్లకూ తేడా ఉంటుంది. అందరికీ తెలిసిన విషయమే. మేనేజరు నరేంద్రబాబు తప్పంతా నా ఒక్కడి నెత్తిన రుద్ది జనవరిలో నన్ను పంపేశాడు. నెల తిరగకుండా ఎగుమతి అనుమతి పోయింది, ప్లాంటు గేటుకు తాళం పడింది. నూట నలభై మంది ఆడవాళ్లకు పని పోయింది.

కిట్టు ఫలితం సరిగానే వచ్చింది.

జూన్ 24, మంగళవారం

బోగోలు వైపు ఒక రొయ్యల కంపెనీ నుంచి ఫోన్. ఆయేషా రాసిన బయోడేటా బాగా నచ్చిందన్నాడు ఆ పెద్దమనిషి. నా చొక్కా గుండీలు సరిగా ఉన్నాయా అని చూసుకున్నాను, ఫోన్‌లోనే అయినా. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగాడు.

"ఏ ప్లాంటన్నారు? మైపాడు రోడ్డుదా? ఆ కంటైనరు పెంచలకృష్ణ మీరేనా?"

అవునన్నాను. మళ్లీ చేస్తానన్నాడు.

ఈ వ్యాపారంలో నాకొక ఇంటిపేరు వచ్చింది.

జూన్ 25

చేయలేదు.

జూన్ 26

చేయలేదు. ఇంకో రెండు చోట్లకు కూడా పంపాను. వాళ్లూ చేయలేదు.

జూన్ 28, శనివారం

"ఆ పదమూడేళ్లు తీసేయమ్మా" అన్నాను.

ఆయేషాకు అర్థం కాలేదు. "ఏ పదమూడేళ్లు సార్?"

"ప్లాంటు. మొత్తం తీసేయి. ఆ చోట సొంత వ్యవసాయం అని రాయి. రొయ్యల పని కాకుండా ఏదైనా చూసుకుంటాను."

"సార్, మీ దగ్గర ఉండేదే అది గదా. అది తీసేస్తే డిగ్రీ తర్వాత ఏముండాది?"

"ఏమీ లేకపోతే ఏమీ లేనట్టే ఉండనీ."

ఆమె నా మొహంలోకి చూసి, ఇంక వాదించలేదు. "మీ ఇష్టం సార్" అంది. ఆ భాగమంతా నీలం రంగు పులుముకుంది. ఒక్క మీట నొక్కింది. రెండు పేజీలు ఒక పేజీ అయింది. నాకు సెంటు పొలం లేదు.

నా భార్య సాయిలక్ష్మికి చెప్పలేదు. పొద్దంతా ఇందుకూరుపేట బడిలో పిల్లలకు చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకుని వస్తుంది. ఆమెకు ఇవన్నీ ఎందుకు?

జూలై 1

తడ దగ్గర పరిశ్రమల పార్కులో బూట్లు తయారుచేసే కంపెనీ ఒకటి ఉంది. స్టోర్స్ సూపర్‌వైజరు కావాలట. కొత్త బయోడేటా పంపాను. బూట్లు వాసన రావు.

జూలై 6, ఆదివారం

సాయిలక్ష్మి నెల్లూరు వెళ్లి, స్వర్ణాల చెరువులో దిగి రొట్టెల పండుగలో ఉద్యోగం రొట్టె పట్టుకొచ్చింది. చీర మోకాళ్ల దాకా తడి. పోయినేడు రొట్టె పట్టుకుని ఉద్యోగం తెచ్చుకున్న చిత్తూరతను ఈసారి ఇచ్చుకోవడానికి వచ్చాడట.

"ఎవరికమ్మా అని అడిగినాడండీ. మా ఆయనకు, నిజాయితీగా పనిచేసే మనిషి, పాపం అన్యాయంగా తీసేసినారు అని చెప్పినా. వెంటనే ఇచ్చేసినాడు."

తిన్నాను. నీళ్లు తాగాను.

జూలై 9, బుధవారం

తడ నుంచి ఫోన్! జడ్సన్ అని, హెచ్.ఆర్. ఆఫీసరు. మర్యాదగా మాట్లాడాడు. 21వ తేదీ సోమవారం పదింటికి ఇంటర్వ్యూ. సాయిలక్ష్మి నా తెల్లచొక్కా బయటికి తీసింది. రొట్టె మహిమ అంది.

జూలై 11, శుక్రవారం

బీజాన్ వచ్చింది, మరో నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని. ఆయేషా షాపులోనే ఉన్నాను అప్పుడు, ఇంటర్వ్యూకు ఫొటోలు తీయించుకుంటూ.

తడ బూట్ల కంపెనీలో కుట్టుపనికి ఆడవాళ్లను తీసుకుంటున్నారట. మా ప్లాంటు వాళ్లలో ముప్పై ఒక్కమంది పేర్లిచ్చారు. వచ్చే శుక్రవారం ఎంపిక. వయసు ముప్పై అయిదు దాటితే మాత్రం ఫ్యాక్టరీలో చేసిన అనుభవానికి సర్టిఫికెట్ ఉండాలి. నరేంద్రబాబు ఇవ్వనన్నాడట. పని పోయిందని లేబరు ఆఫీసులో అర్జీ పెట్టారని ఆయనకు కోపం.

"ఆఫీసరు ఎవురైనా సరే, పేరు, ఉద్యోగం, ఫోన్ నంబరు రాసి సంతకం పెడితే చాలంట సార్. వాళ్లు ఫోన్ చేసి కనుక్కుంటారంట" అంది బీజాన్. "ప్లాంటు ఆఫీసర్లలో ఇక్కడ మిగిలింది మీరే గదా. మేం పనిచేసినామా లేదా మీకంటే ఎవురికి తెలుసు?"

అవసరం ఉన్నా లేకపోయినా ఉండనీ అని ఆయేషా అప్పటికే ముప్పై ఒక్కమందికీ కాగితాలు టైపు చేసి ఉంచింది. కింద నా పేరు. క్వాలిటీ ఇన్‌చార్జి, 2012 నుంచి 2025. పెన్ను తీశాను. మూత తీశాను.

"సోమవారం పెడతానమ్మా. ఒకసారి చదివి చూసుకోవాలి."

"అట్లనే సార్" అని ఆడవాళ్లు వెళ్లిపోయారు.

ఆయేషా నా ఫొటోలు కత్తిరిస్తూ, తల ఎత్తకుండా అంది. "సార్, ఈ కాగితాలూ మీ కాగితమూ ఒక ఆఫీసుకే పోతాయి."

నాకు అంతకుముందే తెలుసు. మూత తీసినప్పుడే తెలుసు.

"మా అమ్మకు నలభై మూడు సార్" అంది.

జూలై 12

ఆలోచించాను. నేను సంతకం పెట్టినంత మాత్రాన వాళ్లకు పని వస్తుందని ఏముంది? నా సంతకానికి ఈ జిల్లాలో ఉన్న విలువ తెలియదా? నా సంతకం వాళ్లకు చెరుపే చేస్తుంది. పెట్టకపోవడమే వాళ్లకు మంచిది.

జూలై 14, సోమవారం

జ్వరమని కబురు చేశాను. దుప్పటి కప్పుకుని పడుకున్నాను కూడా, ఎవరైనా వస్తారేమోనని. చెమటలు కారాయి.

సాయంత్రం బీజాన్ వచ్చింది. సాయిలక్ష్మి అప్పుడే బడి నుంచి వచ్చి వంటింట్లో ఉంది. బీజాన్ మంచానికి దూరంగా గోడ దగ్గర కూర్చుంది.

"జొరం తగ్గిందా సార్?"

"ఇంకా ఉంది."

తర్వాత మెల్లగా అంది. "మొహం చాటేయబాకండి సార్ మాకు. ఆ పొద్దు మీరు పరీక్ష చేయలేదని మాకెప్పుడో తెలుసు."

"ఏ పొద్దు?"

"కంటైనరు ఎత్తిన పొద్దు. ల్యాబు తలుపు తీయనే లేదు గదా మీరు. నా బల్లకు ఎదురుగానే తాళం వేలాడతా ఉండె. కిట్లు అయిపోయినాయని మీరు నరేంద్రబాబు సారుతో చెప్తా ఉంటే ఆ వరసలో ఉండేవాళ్లందరం విన్నాం."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"లేబరు ఆఫీసోళ్లు అడిగినప్పుడు మేమెవురం నోరెత్తలా. ఎత్తితే మాకేం వస్తాది? మీ కూడు కూడా పోతాది, అంతే గదా."

"నన్ను బెదిరిస్తున్నావా?" అన్నాను. అవును, అలాగే అన్నాను.

బీజాన్ నన్ను చాలాసేపు చూసింది. పదకొండేళ్లలో ఆమె నన్ను అలా సూటిగా చూడడం అదే మొదటిసారి.

"సంతకం అడిగేదానికి వచ్చినా సార్. దానికంటే నాకేం తెలీదు." లేచింది. "శుక్రవారం పొద్దున్నే పోవాల."

ఆమె వెళ్లాక సాయిలక్ష్మి వంటింటి గడపలో నిలబడింది. చేతికి పిండి.

"జనవరిలో నా తల మీద చెయ్యి పెట్టి చెప్పినారు, పరీక్ష చేసినానని."

నేను దుప్పటి తీసి పక్కన పెట్టాను. ఇంక దాని అవసరం లేదు.

జూలై 15

సాయిలక్ష్మి మాట్లాడలేదు. అన్నం మూతపెట్టి బడికి వెళ్లింది.

ఇప్పుడు రాస్తాను. పోయిన ఆగస్టు 22. కిట్లు ముందు రోజు సాయంత్రం అయిపోయాయి. కొత్తవి చెన్నై నుంచి రావాలి. నరేంద్రబాబు బల్లల దగ్గరికి వచ్చాడు. "బండి గేటు దగ్గర నిలబడి ఉండాది కృష్ణా. నిన్నటి సరుకు, ఇది ఒకే గుంటదే గదా" అన్నాడు. ఒకే గుంటది కాదు. నాకు తెలుసు. ఆ రైతు మీద నాకు అంతకుముందే అనుమానం ఉంది, అది కూడా తెలుసు. ముందు రోజు అంకెలు చూసి నివేదికలో ఎక్కించాను. ఒకటి రెండు చోట్ల మార్చాను, మరీ ఒకేలా కనిపించకూడదని. సంతకం పెట్టాను.

ఆయన నన్ను బెదిరించలేదు. ఉద్యోగం తీసేస్తాననలేదు. గట్టిగా కూడా మాట్లాడలేదు. 'ఒక రోజు ఆగుదాం సార్' అని ఉంటే బహుశా ఆగేవాడు. నేను అనలేదు. ఎందుకనలేదో నాకు ఇప్పటికీ తెలియదు. మధ్యాహ్నం అయింది, ఆకలిగా ఉంది. అంతకంటే పెద్ద కారణం కోసం ఏడాదిగా వెతుకుతున్నాను.

జూలై 16

బడికి వెళ్తూ సాయిలక్ష్మి చెప్పులేసుకుంటూ అడిగింది. "ఈ రోజైనా పెడతారా?"

వెళ్లలేదు.

జూలై 17, గురువారం

వెళ్లాను. ముప్పై ఒక్క కాగితాల మీదా సంతకం పెట్టాను. ఒక్కొక్కటీ పేరు చదివి పెట్టాను. ఏ బల్ల మీద ఎవరు, ఎవరు ఎడమచేత్తో ఒలిచేవాళ్లు, అన్నీ గుర్తొచ్చాయి. ఆయేషా ముద్దర కోసం అడగలేదు, నా దగ్గర లేదని ఆమెకు తెలుసు.

"నా బయోడేటా కూడా మార్చి మళ్లీ పంపొచ్చా?" అని అడిగాను.

"పంపొచ్చు సార్. పాతది నా దగ్గరే ఉండాది. ఇప్పుడే పంపేదా?" అప్పుడే కుర్చీ ముందుకు లాక్కుంది.

ఒక్క క్షణం.

"వద్దులే. సోమవారం నేనే నోటితో చెప్తాను."

ముప్పై ఒక్క కాగితాల కింద చిన్న అక్షరాల్లో ఉండే పేరును ఎవరు చూస్తారు? చూసినా, వేరే టేబులు మీద ఉన్న ఇంకో కాగితంతో ఎవరు పోల్చుకుంటారు? అంత పెద్ద కంపెనీలో. ఇదీ నేను అనుకున్నది. ఇంటికి నడిచి వస్తుంటే గుండె తేలిగ్గా కూడా ఉంది. మంచిపని చేసినవాడిలా నడిచాను.

జూలై 18, శుక్రవారం

పదకొండు గంటలకు ఫోన్ మోగింది. జడ్సన్.

"పెంచలకృష్ణగారేనా? బీజాన్ అనే ఆవిడ సర్టిఫికెట్ మీద మీ సంతకం ఉంది. ధ్రువీకరణ కోసం చేస్తున్నాం."

"అవును సార్. పదకొండేళ్లు నా కిందే చేసింది."

"మీరు అక్కడ ఎన్నేళ్లు చేశారు?"

"పదమూడేళ్లు."

కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"ఈ ఫోన్ నంబరు నా దగ్గర ఇంకో ఫైల్లో ఉందండీ. పేరు కూడా ఇదే. సోమవారం ఇంటర్వ్యూ. అందులో పదమూడేళ్లు సొంత వ్యవసాయం అని ఉంది."

బయట ఎవరో వల బాగు చేసుకుంటూ రేడియో పెట్టుకున్నారు. ఆ పాట ఇంకా చెవుల్లోనే ఉంది.

"ఆ ఫైలు నాదే సార్. అది అబద్ధం. ఈ సర్టిఫికెట్లు నిజం."

"తన గురించి అబద్ధం రాసుకున్న మనిషి వేరేవాళ్ల గురించి నిజమే రాశాడని నేనెట్లా నమ్మేది చెప్పండి?"

ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగాడు.

సాయంత్రం తెలిసింది. ముప్పై అయిదు లోపు వాళ్లు ఇరవై రెండు మందిని తీసుకున్నారు. సర్టిఫికెట్ కావలసిన తొమ్మిది మందినీ వెనక్కి పంపారు. బీజాన్ తొమ్మిదిలో ఉంది.

పరీక్ష చేయకుండా సంతకం పెట్టి ఒకసారి వాళ్ల పని పోగొట్టాను. ఇప్పుడు నిజమైన సంతకం పెట్టి కూడా పోగొట్టాను.

జూలై 19

ఇంట్లోంచి కదలలేదు.

జూలై 20

కదలలేదు. ఆయేషాకు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

జూలై 21, సోమవారం

తడ వెళ్లాను. గేటు దగ్గర జాబితాలో నా పేరు మీద గీత గీసి ఉంది. బయట నిలబడ్డాను. మధ్యాహ్నం జడ్సన్ భోజనానికి బయటికి వచ్చినప్పుడు సెక్యూరిటీ అతను చూపించాడు. నాకంటే చిన్నవాడు, సన్నగా ఉన్నాడు.

"మీ ఇంటర్వ్యూ తీసేశామండీ."

"ఇంటర్వ్యూకు రాలేదు సార్."

ఆ రోడ్డు పక్కనే నిలబడి అంతా చెప్పాను. కిట్లు, అంకెలు, సంతకం, కంటైనరు, బయోడేటా. సాయిలక్ష్మి తల మీద పెట్టిన చెయ్యి ఒక్కటి చెప్పలేదు. ఆయన టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని చివరిదాకా విన్నాడు.

"ఇదంతా విని నేను మీ సంతకాన్ని ఎక్కువ నమ్మాలా, తక్కువ నమ్మాలా?"

"నా సంతకాన్ని నమ్మొద్దు సార్. ఆ సర్టిఫికెట్లు చింపేయండి. వాళ్ల చేతులు చూడండి. ఏళ్ల తరబడి రోజుకు పది గంటలు చేసిన చేతులు. పని ఇచ్చి చూడండి, ఒక్క గంట."

ఆలోచించాడు. "గురువారం తీసుకురండి. గంట పరీక్ష పెడతాం. హామీ మాత్రం ఇవ్వను."

వచ్చి బీజాన్ ఇంటికి నేరుగా వెళ్లి చెప్పాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. ఆయేషా మాత్రం, "సార్, నిజంగానా?" అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయింది! సాయిలక్ష్మి నేను తింటుంటే పక్కన వచ్చి కూర్చుంది. మాట్లాడలేదు కానీ కూర్చుంది.

జూలై 24, గురువారం

తొమ్మిది మందితో రైల్లో వెళ్లాను. దారి పొడుగునా వాళ్లు జోకులేసుకున్నారు. బీజాన్ ఒక్కతే కిటికీ దగ్గర.

పొడుగాటి గది. ఒక్కొక్కరికీ రెండు తోలు ముక్కలు, సూది, దారం ఇచ్చారు. అంచులు కలిపి కుట్టాలి. జడ్సన్ నన్ను తలుపు దగ్గర నిలబడనిచ్చాడు.

బీజాన్ సూది తీసుకోలేకపోయింది. బల్ల మీద ఉన్న సూదిని వేళ్లు తడుముతున్నాయి, దొరకడం లేదు. అంచుకు జరిపి మరో చేత్తో అందుకుంది. కళ్లు దగ్గర పెట్టుకుని దారం ఎక్కించింది. కుట్టడం మొదలుపెట్టింది. రెండుసార్లు సూది కిందపడింది. మూడోసారి పడినప్పుడు పక్కనున్న సూపర్‌వైజరు అమ్మాయి వంగి తీసి ఇస్తూ ఆగిపోయింది.

"అమ్మా, వేలికి సూది గుచ్చుకుంది. రక్తం వస్తోంది."

బీజాన్ తన వేలును చూసుకుంది. తోలు ముక్క మీద రక్తం అప్పటికే చాలా దూరం పాకింది. ఆమెకు తెలియలేదు.

"గుచ్చుకున్నట్టు తెలియలేదామ్మా?"

"తెలిసింది" అంది బీజాన్, గోడకేసి చూస్తూ.

జడ్సన్ వచ్చి ఆ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని చూశాడు. చాలా మర్యాదగా కింద పెట్టాడు. తర్వాత నావైపు చూశాడు. చేతులు చూడమన్నది నేనే కదా.

ఆరుగురిని తీసుకున్నారు. బీజాన్‌నూ ఇంకో ఇద్దరినీ తీసుకోలేదు. ఆ ఇద్దరివీ అవే చేతులు.

వచ్చేటప్పుడు రైల్లో ఆమెకు ఎదురుగా కూర్చున్నాను. చేతులు కొంగులో చుట్టుకుంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"నాలుగైదేళ్లు సార్. పొద్దున పూట టీ గ్లాసు జారిపోతా ఉంటాది. రొయ్యకైతే అలవాటు, కళ్లు మూసుకున్నా ఒలుస్తా. సూదికి కాదు గదా."

"ఎప్పుడూ చెప్పలేదే?"

"చెప్తే బల్ల దగ్గర్నించి లేపేస్తారు గదా." కిటికీలోంచి బయటికి చూసింది. "అన్నేళ్లు ఐసులో చేతులు పెడితే అంతే సార్. ఐసు కొంచెం తగ్గితే మీరే గదా కేకలేసేది, పొయ్యండి, ఇంకా పొయ్యండి అని."

తిట్టలేదు. మామూలుగా, వాన గురించి చెప్పినట్టు చెప్పింది.

"అవును. నేనే."



జూలై 25

సాయిలక్ష్మి బడికి సెలవు పెట్టి బీజాన్‌ను నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్లింది. నన్ను రమ్మనలేదు. నేనూ వస్తాననలేదు. నరాలు దెబ్బతిన్నాయట. మందులిచ్చారట. ఇంకా ముదరకుండా చూసుకోవడమేనట, పోయిన స్పర్శ రావడం కష్టమన్నారట. ఇదంతా సాయిలక్ష్మి గోడ మీద క్యాలెండరుకు చెప్పినట్టు చెప్పింది.

జూలై 26, శనివారం

ఆయేషా షాపుకు వెళ్లాను. ఆ పదమూడేళ్లు వెనక్కి పెట్టించాలి. మానేసిన కారణం దగ్గర ఉన్నది ఉన్నట్టు రాయించాలి. రాయవలసిన వాక్యం నిన్న నాలుగుసార్లు కాగితం మీద రాసి చూసుకున్నాను. 'సరుకు పరీక్షించకుండా పరీక్షించినట్టు సంతకం చేసినందుకు తొలగించారు.' ఉద్యోగం వస్తుందని కాదు. ఎక్కడో ఒకచోట అలా ఉండాలి.

ఆయేషా గుమ్మంలోనే ఎదురొచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"ఏం సార్?"

"బయోడేటా మార్చాలమ్మా. ఈసారి పూర్తిగా..."

"సిస్టం చెడిపోయింది సార్."

ఆమె భుజం మీదుగా కంప్యూటరు తెర వెలుగుతూ కనిపిస్తోంది. లోపల ఎవరో ఆమె కుర్చీ పక్కన ఎదురుచూస్తున్నారు. ప్రింటరు లోంచి కాగితాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తున్న చప్పుడు.

"ఎప్పుడు బాగవుతుందమ్మా?"

"తెలీదు సార్."

సరేనమ్మా అని వచ్చేశాను.